పైథాను స్క్రిప్టుల వాకిట పరీక్ష

ప్రోగ్రామును వ్రాయుట యొక పని. దానిని పరులచేతి కప్పగించుట వేఱొక పని. వ్రాసినవాడే నడిపించుచున్నంత కాలము చిక్కులు తోచవు. ఏమి టైపు చేయవలయునో, ఏ వరుసలో చేయవలయునో యతనికి తెలియును. ఎక్కడనైన తప్పు దొరలినను కారణము నూహించుకొని దిద్దుకొనును. ఆ స్క్రిప్టే కార్యాలయమునందలి గుమాస్తాగారి చేతికి గాని, వచ్చు సంవత్సరము మన బల్లలమీద కూర్చుండబోవు విద్యార్థి చేతికి గాని పోయిననాడు, మన మెన్నడు ననుకొనని మాటలు దాని చెవిని బడును. ఆ మాటలను ప్రోగ్రా మెట్లు గ్రహించును? ఎట్లు పరీక్షింపవలెను? పరీక్షింపనియెడల నేమి సంభవించును? ఈ విషయముల నిచ్చట వివరింపదలచితిమి. పైథాను భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు వ్రాయనేర్చిన పై తరగతులవారి కీ వ్యాస ముద్దేశింపబడినది. కంప్యూటరుమీద రోమను లిపితో టైపు చేయవలసిన పదములను గూడ నిచ్చట తెలుగు లిపిలోనే యచ్చువేయుచున్నాము. ఉచ్చారణనుబట్టి చదువరులు వానిని గుర్తింపగలరు.

భాషనుగూర్చి యొక్కమాట. పైథానును గైడో వాన్ రాసమ్ అను డచ్చి దేశస్థుడు ఆమ్‌స్టర్‌డామ్ నగరమునందలి గణిత, కంప్యూటరు శాస్త్రముల పరిశోధనాలయమున పనిచేయుచు, 1989వ సంవత్సరము డిసెంబరులో నారంభించి, 1991 ఫిబ్రవరిలో లోకమునకు విడుదల చేసెను. పైథా ననగా కొండచిలువ యైనను ఈ పేరు సర్పమునుబట్టి వచ్చినది కాదు. బీబీసీవారి హాస్యప్రదర్శన మొకదాని పేరునుండి గ్రహింపబడినది. అంతకుమించి చరిత్రము ప్రస్తుతమునకు వలదు.

కంప్యూటరునకు పని చెప్పుటకు రెండు మార్గములు కలవు. తెరపై బొమ్మల నొక్కుట యొకటి. ఆజ్ఞను వాక్యముగా టైపు చేసి పంపుట రెండవది. దీనికే కమాండు లైనని పేరు. బొమ్మలను నొక్కుటకలవాటుపడిన బాలురకు రెండవ మార్గము మొదట మోటుగా గన్పట్టును గాని, ఒకే పనిని నలుబది తరగతులకు నలుబదిమారులు చేయవలసివచ్చినపుడు దాని విలువ తెలియవచ్చును. ఉదాహరణమునకు తరగతి మార్కులను లెక్కించి ఉత్తీర్ణులజాబితాను సిద్ధపఱచు స్క్రిప్టొకటి మనయొద్ద నున్నదనుకొందము. దానిని నడిపించు నాజ్ఞ యిట్లుండును:

పైథాన్ మార్కులు.పీవై పదవతరగతి.సీఎస్‌వీ 100 35

ఇందు మొదటి మాట పైథానును పిలుచుచున్నది. రెండవది మన స్క్రిప్టు పేరు. ఆపైని వచ్చు మూడును ఆర్గ్యుమెంటులు: మార్కులున్న ఫైలు, పరీక్షకు గరిష్ఠపు మార్కులు, ఉత్తీర్ణతకు వలయు మార్కులు. ఆర్గ్యుమెంటనుదానిని కొంద ఱుత్సాహవంతులు ‘వాదము’ అని తెనిగింప జూతురు. అది మాకు సమ్మతము గాదు. ఇందులో వాదులాట యేమియు లేదు. గణితమున ఒక సూత్రమునకు మనమిచ్చు విలువ యెట్టిదో ఇదియు నట్టిదే. కావున ఆర్గ్యుమెంటనియే వ్యవహరించెదము.

ఈ యాజ్ఞను మొట్టమొదట చదువునది పైథాను గాదు. పైథానుకంటె ముందు షెల్లను నొక ద్వారపాలకుడున్నాడు. అతడు వాక్యమును ఖాళీలున్నచోటులనెల్ల ఖండించి ముక్కలుచేసి, ఆ ముక్కలను లోపలికి పంపును. కాబట్టి ఫైలు పేరు ‘పదవ తరగతి.సీఎస్‌వీ’ అని నడుమ ఖాళీతో నున్నయెడల, స్క్రిప్టునకు ఒక పేరునకు బదులు ‘పదవ’ యని యొకటియు, ‘తరగతి.సీఎస్‌వీ’ యని యొకటియు చేరును. వాని వెనుకనున్న 100, 35 ఒక్కొక్క స్థానము వెనుకకు జరుగును. పేరునకిరువైపుల జంట కొటేషను గుర్తుల నుంచినచో నీ యాపద తొలగును. లినక్సు షెల్లుకు మఱియొక యలవాటు గలదు. మనము నక్షత్రపు గుర్తు పెట్టి ‘*.సీఎస్‌వీ’ యని వ్రాసినచో, ఆ గుర్తును పైథానుకు జేరనీయక, ఆ చోటనున్న సీఎస్‌వీ ఫైళ్ల పేర్లన్నియు దానికి బదులుగ నుంచి పంపును. విండోసునందలి కమాండు కిటికీ యట్లు చేయదు. నక్షత్రమును నక్షత్రముగనే లోపలికి పంపును. ఒకే యాజ్ఞ ఒక యంత్రముమీద అయిదు ఆర్గ్యుమెంటులై, వేఱొక యంత్రముమీద ఒక్కటే యగుట కిదియే కారణము. స్క్రిప్టును ఇంటియొద్ద వ్రాసి పాఠశాలలో నడుపువారు దీనిని మఱవరాదు.

షెల్లు పంపిన ముక్కలను పైథాను ‘సిస్’ అను మాడ్యూలునందు ‘ఆర్గ్‌వి’ యను జాబితాలో నుంచును. ఈ పేరు సీ భాషనుండి వచ్చినది. చివరనున్న ‘వి’ వెక్టరు, అనగా వరుసగా నమర్చినది, అను మాటకు గుర్తు. జాబితాలో సున్నస్థానమున స్క్రిప్టు పేరే యుండును. ఒకటవస్థానమునుండి మన యార్గ్యుమెంటులు మొదలగును. కనుక మూడు ఆర్గ్యుమెంటు లిచ్చినపుడు జాబితా పొడవు నాలుగు. బాలురు దీనిని మఱచి పొడవు మూడుతో సమానమా యని పరీక్షించి, సరిగ నిచ్చినవారిని తిరుగగొట్టి, ఒకటి తక్కువ యిచ్చినవారిని లోనికి రానిచ్చుట తరగతిలో తఱచుగా చూచుచుందుము. పరీక్షయే లేనిచో, రెండవస్థానమునను మూడవస్థానమునను ఏమియు లేకున్నను ప్రోగ్రాము చేయిచాచి, ఇండెక్సు దోషమని యొక పెద్ద జాడను తెరపై బఱచి పడిపోవును. ఆ జాడ వ్రాసినవానికి మేలు, గుమాస్తాగారికి భీతి.

ఇట్లు పడిపోవుట యొకవిధముగ నదృష్టమే. పడిపోయిన ప్రోగ్రాము అబద్ధ మాడదు. అంతకంటె నపాయకరమైన దొకటి కలదు. అది ప్రోగ్రాము పడిపోకుండ చక్కగా నడచి తప్పు చెప్పుట. ఇదియెట్లు జరుగునో విద్యార్థులు జాగరూకతతో గ్రహింతురుగాక.

ఆర్గ్‌వి జాబితాలో నున్నవన్నియు అక్షరమాలలే గాని సంఖ్యలు గావు. మనము 35 అని టైపు చేసినను పైథానుకు జేరునది మూడు, అయిదు అను రెండు గుర్తుల వరుసయే. సీఎస్‌వీ ఫైలునుండి మామూలుగా చదివిన మార్కులును అట్టి గుర్తుల వరుసలే. రెంటిని పోల్చుమన్నప్పుడు పైథాను నిఘంటువులో మాటలను వరుసపెట్టు రీతిని మొదటి గుర్తును మొదటి గుర్తుతో పోల్చును. ‘9’ని ‘35’తో పోల్చినపుడు తొమ్మిది మూడునకు తరువాతిది, కావున 9 పెద్దది! ‘100’ని ‘35’తో పోల్చినపుడు ఒకటి మూడునకు ముందటిది, కావున 100 చిన్నది! నూటికి నూఱు మార్కులు తెచ్చుకొన్న బాలిక జాబితాలో తప్పినదగును. తొమ్మిది తెచ్చుకొన్నవాడు కృతార్థుడగును. 40 నుండి 99 వఱకు తెచ్చుకొన్న వారందఱికిని ఫలితము సరిగానే వచ్చును గనుక, పైపైన చూచువానికి సందేహమే పుట్టదు. దోషమని యొక్క మాటయైన తెరపై రాదు. తరగతిలో మొదటిదైన బిడ్డ తనపేరు నోటీసు బోర్డుమీద ఎఱ్ఱసిరాతో జూచుకొనువఱకు ఈ సంగతి బయటపడకపోవచ్చును.

రెంటిలో నొకదానిని మాత్రము సంఖ్యగ మార్చి, రెండవదానిని మఱచినచో నేమగునని యడుగవచ్చును. పైథాను మూడవ యవతారమున సంఖ్యను అక్షరమాలతో పెద్దచిన్నలు పోల్చుట నిషిద్ధము; వెంటనే టైపు దోషమని యాగిపోవును. రెండవ యవతారమున నట్లు గాదు; అది సంఖ్య యెల్లప్పుడును అక్షరమాలకంటె చిన్నదని మౌనముగా నంగీకరించి సాగిపోయెడిది. ఆ యవతారమునకు పోషణము 2020వ సంవత్సరము జనవరి 1వ తేదీతో ముగిసినది. ఐనను పాత స్క్రిప్టులను పాత యంత్రములమీద నింకను నడుపుచున్నవారు కొందఱు గలరు గావున దీనిని చెప్పితిమి.

అక్షరమాలను పూర్ణసంఖ్యగ మార్చుటకు ‘ఇంట్’ అను ప్రమేయము కలదు. అది మార్చలేనపుడు విలువ దోషమును లేవనెత్తును. ‘35’ నంగీకరించును, ‘ముప్పదియైదు’ నంగీకరింపదు, ‘35.0’ని గాని, ‘35%’ని గాని యంగీకరింపదు. ఇంతవఱకు అందఱు నూహింపగలరు. ఊహకు రానివి కొన్ని కలవు. ముందువెనుకల ఖాళీలున్నను పట్టించుకొనదు. 2016లో వచ్చిన 3.6వ కూర్పునుండి అంకెల నడుమ క్రిందిగీత యున్నను సమ్మతించును; ‘1_000’ అనగా వేయి. వీటన్నిటికంటె మన విద్యార్థులకు సంతోషము గలిగించునదొకటి చెప్పెదము: తెలుగు అంకెలతో ‘౩౫’ అని యిచ్చినను ‘ఇంట్’ దానిని ముప్పదియైదుగనే గ్రహించును! యూనికోడునందు దశాంశపు అంకెలుగా గుర్తింపబడిన యే లిపి యంకెలనైనను అది చదువగలదు. మన తాతలు పద్దుపుస్తకములలో వ్రాసిన యంకెలను మనమే చదువలేకుండగా, యంత్రము చదువుట కొంత సిగ్గుపడదగిన సంగతియే.

‘ఇంట్’నకు మాఱుగా, గుర్తులన్నియు నంకెలేనా యని ‘ఈజ్‌డిజిట్’ అను పద్ధతితో ముందుగా పరీక్షింతమని కొందఱు దలచెదరు. అది మంచి మార్గము గాదు. ఋణసంఖ్యయైన ‘-5’ను అది యంకె కాదనును. వర్గమునకు గుర్తుగా పైన వ్రాయు చిన్న రెండును అంకెయే యనును. దానిని నమ్మి ‘ఇంట్’ చేతికిచ్చితిమా, విలువ దోషము తప్పదు. కాబట్టి ముందు శకునము చూచుట మాని, మార్చుటకు ప్రయత్నించి, మారనిచో ఆ దోషమును ‘ట్రై’, ‘ఎక్సెప్ట్’ అను మాటలతో పట్టుకొని, వినయముగా సమాధానము చెప్పుట మేలు.

దశాంశభిన్నముల కుపయోగించు ‘ఫ్లోట్’ అను ప్రమేయమున నింకొక గోతి యున్నది. దానికి ‘నాన్’ అను మూడక్షరముల ఇంగ్లీషు మాట నిచ్చినచో తిరస్కరింపదు. అది ‘సంఖ్య కాదు’ అను నర్థముగల యొక విచిత్రపు విలువగా మారును. ఈ విలువ సున్నకంటె చిన్నదా యని యడిగిన కాదనును. నూఱుకంటె పెద్దదా యని యడిగినను కాదనును. తనతో తాను సమానమా యన్నను కాదనును! ‘సున్నకంటె తక్కువైనను, నూఱుకంటె నెక్కువైనను త్రోసివేయుము’ అని వ్రాసిన పరీక్షను ఇది నవ్వుచు దాటిపోవును. ‘సున్నకును నూఱునకును నడుమ నున్నచో రానిమ్ము, లేనిచో త్రోసివేయుము’ అని వ్రాసినయెడల వాకిటనే నిలిచిపోవును. రెండు వాక్యములును తర్కమున నొక్కటే యని బీజగణితము చదివినవారు వాదింతురు. మామూలు సంఖ్యల కది నిజమే; ఇట్టి విలువకు గాదు. త్రోయవలసినదానిని వర్ణించుటకంటె రానీయవలసినదానిని వర్ణించుట శ్రేష్ఠమని మే మనుటకు ఇది యొక కారణము.

ఒక్కొక్క ఆర్గ్యుమెంటును విడిగా పరీక్షించిన పిమ్మట వానికి పరస్పరముగల సంబంధమును చూడవలెను. ‘100 35’ అనుటకు బదులు ‘35 100’ అని తాఱుమాఱుగ టైపు చేసినచో, రెండును సున్నకును నూఱునకును నడుమనున్న మంచి సంఖ్యలే. కాని ఉత్తీర్ణతకు వలసిన మార్కులు గరిష్ఠపు మార్కులను మించుట యసంభవము గదా. ఆ యొక్క ప్రశ్న వేసినచో తప్పు దొరకును.

దొరకని తప్పులును గలవు. పరీక్ష 50 మార్కులకు జరుగగా, అలవాటుచొప్పున ‘100 35’ అనియే టైపు చేసిరనుకొందము. రూపము సరియే, పరిమితి సరియే, సంబంధము సరియే. కాని యేబదింట ముప్పది, అనగా నూటికరువది వంతున తెచ్చుకొన్న బాలుడు తప్పినవారిలో చేరును. వాకిటి పరీక్ష మాటల రూపమును మాత్రమే చూడగలదు, సత్యమును చూడలేదు. ఇట్టిచోట లోపలికి పోయి ఫైలునే యడుగవలెను. తరగతియంతటిలో మిక్కిలి హెచ్చైన మార్కు గరిష్ఠములో సగమునకు మించకపోయినచో, ‘పరీక్ష నిజముగా 100 మార్కులకేనా?’ యని హెచ్చరించి, ఔనన్న తరువాతనే సాగునట్లు చేయవచ్చును. ఇది తిరస్కారము గాదు, హెచ్చరిక మాత్రమే. ఏలయన తరగతియంతయు నిజముగానే వెనుకబడి యుండవచ్చును.

తిరస్కరించినపు డేమి చెప్పవలయునను విషయమున చాలమంది ప్రోగ్రాము రచయితలు అశ్రద్ధ చేయుదురు. న్యాయాధిపతుల గ్రంథము పండ్రెండవ అధ్యాయమున యొర్దాను రేవులయొద్ద గిలాదువారు జరిపిన పరీక్ష మన విద్యార్థు లెఱిగినదే. ‘షిబ్బోలెతు’ అనుమని యడిగిరి. ‘సిబ్బోలెతు’ అన్నవారిని చంపిరి. కారణము చెప్పుట లేదు, మరల పలుకుమనుట లేదు. ఆనాడు పడినవారు 42,000 మంది యని వ్రాయబడినది. అది యుద్ధము, శత్రువును గుర్తించుటయే వారి తలంపు. మన వాకిటికి వచ్చువాడు శత్రువు కాడు, పనికొఱకు వచ్చిన తోటివాడు. ‘తప్పు’ అని యొక్కమాట చెప్పి తలుపు మూయుట అతనిపట్ల న్యాయము గాదు. ఏ యార్గ్యుమెంటులో తప్పున్నది, అతడేమి యిచ్చెను, మన కేమి కావలెను అను మూడును సమాధానమున నుండవలెను. ‘ఉత్తీర్ణత మార్కులు 0 నుండి 100 వఱకు గల పూర్ణసంఖ్యగా నుండవలెను, మీరిచ్చినది: ముప్పదియైదు’ అన్నచో గుమాస్తాగారు మనకొఱకు కబురు పంపక తామే దిద్దుకొందురు.

ఆ సమాధాన మెచ్చట చెప్పవలెననునదియు ముఖ్యమే. ప్రోగ్రామునకు మాటలు బయటికి పోవు త్రోవలు రెండు: ఫలితములకు ప్రామాణిక నిర్గమము, దోషములకు వేఱొక నిర్గమము. తెరమీద రెండును కలసియే కనబడును గావున బాలు రీ భేదము నెఱుగరు. ఫలితమును ఫైలులోనికి మరల్చినపుడు భేదము తెలియును. దోషవాక్యమును ఫలితముల త్రోవలో పంపినచో, అది తెరపై కనబడక జాబితా ఫైలులో పిల్లల పేర్లనడుమ దాగియుండును. మఱియు ప్రోగ్రాము ముగియునపుడు షెల్లుకొక సంఖ్యను విడిచిపోవును. సున్న యనగా కార్యము సఫలము; మఱి యేదైనను విఫలము. ఆజ్ఞను తప్పుగా నిచ్చినపుడు 2 అను సంఖ్యను విడుచుట వాడుక. ‘సిస్.ఎగ్జిట్’ అను ప్రమేయమునకు వాక్యము నిచ్చినచో ఆ వాక్యమును దోషముల త్రోవను పంపి 1తో ముగించును. సంఖ్య నెవరు చూతురని యనరాదు. జాబితాను లెక్కించునది యొక స్క్రిప్టును, తలిదండ్రుల ఫోనులకు ఫలితములు పంపునది మఱియొక స్క్రిప్టును అయి, మొదటిది సఫలమైననే రెండవదానిని నడుపుమని షెల్లును నియమించితి మనుకొనుడు. మొదటిది విఫలమై కూడ సున్నను విడిచినచో, నిన్నటి తప్పుజాబితా నేడు రెండువందల యిండ్లకు పోవును.

ఇన్ని పరీక్షలను ప్రతిస్క్రిప్టులోను చేతితో వ్రాయుట విసుగు. అందులకు పైథానుతోనే వచ్చు ‘ఆర్గ్‌పార్స్’ అను మాడ్యూలు కలదు. ఇది 2010లో 2.7వ కూర్పుతోను, 2011లో 3.2వ కూర్పుతోను ప్రామాణిక గ్రంథాలయమున జేరినది. దీనికి పూర్వులు ‘గెట్‌ఆప్ట్’, ‘ఆప్ట్‌పార్స్’ అనునవి. క్రొత్తగా నేర్చువారు ఆర్గ్‌పార్సుతోనే యారంభించుట మంచిది. పని యిట్లు సాగును. ఒక పరీక్షకుని సృష్టించి, ఒక్కొక్క ఆర్గ్యుమెంటును దాని పేరుతో, జాతితో, ఒక వివరణవాక్యముతో నమోదు చేయవలెను. పిమ్మట ‘పార్స్ ఆర్గ్స్’ అని పిలువవలెను. జాతి ‘ఇంట్’ అని చెప్పినచో మార్పు తానే చేయును. ఎన్నదగిన మాటలు కొన్నియే యైనచో వానిని ‘చాయిసెస్’ అని యిచ్చిన చాలును. తప్పు వచ్చినపుడు వాడుక విధానమును, దోషకారణమును దోషముల త్రోవలో ముద్రించి, 2 అను సంఖ్యతో ముగించును. ‘--హెల్ప్’ అని యడిగినచో మనము వ్రాసిన వివరణములన్నిటిని చక్కగా పేర్చి చూపును. వివరణములు వ్రాయుటకు సోమరితనము పనికిరాదు. అవియే గుమాస్తాగారికి పాఠ్యపుస్తకము.

తాఱుమాఱు దోషమునకు మూలమునే ఛేదించుమార్గ మిందున్నది. ఆర్గ్యుమెంటుల ముందు రెండు గీతలతో పేరు పెట్టవచ్చును:

పైథాన్ మార్కులు.పీవై పదవతరగతి.సీఎస్‌వీ --గరిష్ఠము 100 --ఉత్తీర్ణత 35

ఇప్పుడు వరుస యేదైనను బాధలేదు. ఒకే జాతివి రెండు సంఖ్యలు ప్రక్కప్రక్క వచ్చుచోట పేర్లు పెట్టితీరవలెనని మా మతము. పరిమితిని పరీక్షించుటకు మనమే యొక చిన్న ప్రమేయమును వ్రాసి, జాతిస్థానమున దాని నుంచవచ్చును; అది అక్షరమాలను గ్రహించి, సంఖ్యగ మార్చి, పరిమితిలో లేనిచో ‘ఆర్గ్యుమెంట్ టైప్ ఎర్రర్’ అను దోషమును మన వాక్యముతో లేవనెత్తవలెను. తక్కినపని ఆర్గ్‌పార్సే చూచుకొనును. గరిష్ఠమునకును ఉత్తీర్ణతకును గల సంబంధమును మాత్రము అది యెఱుగదు. ‘పార్స్ ఆర్గ్స్’ ముగిసిన వెంటనే మనమే పోల్చి, తప్పైనచో పరీక్షకుని ‘ఎర్రర్’ పద్ధతిని పిలిచినచో, తక్కిన దోషములవలెనే ఇదియు నొకే తీరుగా వెలువడును.

ఆర్గ్‌పార్సునందును జాఱుడుచోట్లు లేకపోలేదు. జాతి ‘బూల్’ అని వ్రాసి, ‘ఫాల్స్’ అను మాట నిచ్చినచో ఫలితము సత్యమగును! ఏలయన ఖాళీకాని ప్రతి యక్షరమాలయు ‘బూల్’ దృష్టిలో సత్యమే. అవునుకాదుల సంగతికి ‘స్టోర్ ట్రూ’ అను క్రియను వాడవలెను; పేరున్నచో అవును, లేనిచో కాదు. మఱియు ఆర్గ్‌పార్సు పొడుగుపేర్లకు సంక్షేపములను తనంతట నంగీకరించును. ‘--ఉత్’ అన్నను ‘--ఉత్తీర్ణత’ యని గ్రహించును. నేడు సుఖమే, వచ్చుసంవత్సర మెవరైన ‘--ఉత్తరము’ అను క్రొత్తపేరును జేర్చిననాడు, నిన్నటివఱకు నడచిన సంక్షేపపు టాజ్ఞ సందిగ్ధమై యాగిపోవును. 3.5వ కూర్పునుండి ఈ యలవాటును మాన్పించు వీలు కలదు. పలువురు వాడు స్క్రిప్టులలో మాన్పించుటయే మాకు నచ్చును.

ఇక ఫైళ్ల సంగతి. చదువవలసిన ఫైలున్నదా యని ముందు విచారించి, ఉన్నదన్న ధైర్యముతో తరువాత తెఱచుట చాలదు. విచారణకును తెఱచుటకును నడుమ దానిని వేఱొకరు తొలగింపవచ్చును, లేక మనకు చదువు నధికారమే లేకపోవచ్చును. తెఱచుటకు ప్రయత్నించి, తెఱువబడనిచో ఆ దోషమునకు సమాధానము చెప్పవలెను. వ్రాయవలసిన ఫైలు విషయమున నింకను జాగ్రత్త వలయును. ‘డబ్ల్యు’ అను విధానమున తెఱచుటతోనే ఫైలులోని పాతవ్రాత యంతయు తుడిచిపెట్టబడును. ఒక్క యక్షరమైన వ్రాయకముందే. చదువు ఫైలునకును వ్రాయు ఫైలునకును పొరపాటున నొకే పేరు నిచ్చి, వ్రాయుదానిని ముందు తెఱచినచో, చదువుటకు మార్కులే మిగులవు. ఉపాధ్యాయుడు మూడు రాత్రులు దీపము ముందు కూర్చుండి యెక్కించిన మార్కులు రెప్పపాటులో పోవును. 3.3వ కూర్పునుండి ‘ఎక్స్’ అను విధానము కలదు. ఆ పేరుతో ఫైలప్పటికే యున్నచో అది తెఱువదు, దోషము చెప్పును. ఉన్నదానిపై వ్రాయవలెనని నిజముగా కోరువారికి ప్రత్యేకముగా నొక పేరుగల ఆర్గ్యుమెంటు నేర్పఱుపవచ్చును. ఎట్లైనను అన్ని పరీక్షలును ముగియువఱకు ఏ ఫైలును ముట్టకుండుట మంచి క్రమము.

‘అసర్ట్’ అను మాటతో పరీక్షలు వ్రాయుట సులువని కొందఱు విద్యార్థులు దాని నాశ్రయించుచున్నారు. పైథానును పెద్ద ఓ అక్షరపు సంకేతముతో నడిపినచో ఆ వాక్యములన్నియు లేనట్లే యగును. వాకిలి కాపరి లేని యిల్లగును. అది వ్రాసినవాడు తన తర్కమును తాను సరిచూచుకొనుటకే గాని, పరుల మాటలను పరీక్షించుటకు గాదు. ‘ఎవాల్’ అనుదానితో సంఖ్యను రాబట్టుట అంతకంటె చెడ్డది. అది టైపు చేసిన మాటను పైథాను ఆజ్ఞగానే యమలుచేయును; సంఖ్యకు బదులు ఫైళ్లను తుడిచివేయు నాజ్ఞ నిచ్చినచో దానిని గూడ విధేయతతో నెఱవేర్చును. సంకేతపదములను, అనగా పాస్‌వర్డులను, ఆర్గ్యుమెంటులుగా గ్రహింపరాదు. యంత్రమున నడచుచున్న పనులజాబితాను జూచు తోటివారి కవి కనబడవచ్చును. షెల్లు తన ఆజ్ఞల చరిత్రలోను వ్రాసి యుంచుకొనును.

వ్రాసిన పరీక్షలను పరీక్షించుట యెట్లు? ‘పార్స్ ఆర్గ్స్’ అను పద్ధతికి మన మొక జాబితాను స్వయముగా నిచ్చినచో, అది ఆర్గ్‌వి జాబితాను జూడక దీనినే చూచును. కాబట్టి ప్రతిమారును కమాండు లైనున టైపు చేయనక్కఱలేకయే పదులకొలది తప్పుటాజ్ఞలను వరుసగా నిచ్చి చూడవచ్చును. మన కంప్యూటరు గదిలో ఈ క్రింది వానితో మొదలుపెట్టుడు: ఆర్గ్యుమెంటులు లేనిది, ఒకటి యెక్కువైనది, ‘35’నకు బదులు ఖాళీ కొటేషనులు, ‘-5’, ‘౩౫’, ‘35.0’, ‘నాన్’, ఉత్తీర్ణత గరిష్ఠమును మించినది, లేని ఫైలు, ఫైలునకు బదులు ఫోల్డరు, నడుమ ఖాళీగల పేరు, చదువుటకును వ్రాయుటకును ఒకే పేరు. ఒక్కొక్కదానికి తెరపై వచ్చిన వాక్యమును నోటుపుస్తకమున వ్రాసికొని, ఆ వాక్యము మాత్రమే చదివి ప్రక్కబల్లమీది విద్యార్థి తప్పును దిద్దగలడేమో యడిగి చూడుడు. లినక్సు యంత్రములపై, త్రోసివేయబడిన ప్రతి యాజ్ఞ తరువాత ‘ఎకో $?’ అని టైపు చేసినచో ఆర్గ్‌పార్సు విడిచిపోయిన 2 కనబడవలెను. సున్న కనబడినచోట స్క్రిప్టును మరల తెఱచి చూడవలెను.